కొత్త లాప్‌టాప్‌కు బొట్టు

నా పాత లాప్‌టాప్ ఆన్ చేస్తే చాలు, పక్క ఫ్లాట్ వాళ్లు మేం మిక్సీ వేశామనుకునేవారు. ఒక చిన్న వీడియో తయారయ్యేలోపు నేను పప్పు వండి, తిని, గిన్నెలు కూడా కడిగేసేదాన్ని. ఆ డొక్కుతోనే బహ్రెయిన్‌లో ఉద్యోగాల వేట సాగించాను. ప్రకటనల్లో ‘డిజిటల్ క్రియేటివ్ కావలెను’ అని ఉండేది. ఆ పనేమిటో చుట్టాలకు ఎలా చెప్పాలో నాకు తోచేది కాదు. మా ఆయనకు ఆ బాధ లేదు. "కంప్యూటర్ల బొమ్మలు ఆడిపిస్తది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

చాలా కంపెనీలు జవాబే ఇవ్వలేదు. చివరికి ఒక యాడ్ కంపెనీ పిలిచింది. వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ, వాళ్ల కళ్లముందే ఒక చిన్న ప్రకటన తయారు చేసి చూపాలి. ఇది కూడా పోతే ఇక ఈ పని ఊసెత్తనని, హూరాలో మా వీధి సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేరిపోతానని నాలో నేను తీర్మానించుకున్నాను. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

ఆ డొక్కుతో పరీక్ష గట్టెక్కడం కల్ల. ఇద్దరం కొత్తది కొనడానికి వెళ్లాం. నేను మెమరీ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అని అడుగుతుంటే, మీనా సల్మాన్ రేవులో గోదాము సూపర్‌వైజరైన మా ఆయన దాన్ని చేతుల్లో తూచి, వీపు మీద వేలితో తట్టి, "సామాన్ గట్టిగనే ఉన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. బ్యాగూ మౌసూ ఊరికే ఇవ్వాల్సిందేనని దుకాణం భాయ్‌తో పట్టుబట్టి ఇప్పించుకున్నాడు కూడా.

ఇంటర్వ్యూ రోజు పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఇల్లంతా అగరొత్తుల వాసన. లాప్‌టాప్ తెరిచి ఉంది. మూలలకు పసుపు, తెర పైన సరిగ్గా నడుమ శనగ గింజంత కుంకుమ బొట్టు.

"గోదాంల కొత్త బండి వస్తెనే పెడ్తం. దీనికి పెట్టకుంటె ఎట్ల?" అన్నాడు.

"మరి గంత పైకెందుకు పెట్టినవ్?"

"నుదురు ఆడనే గద ఉంటది!"

నవ్వుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు.

కాల్ మొదలైంది. అవతల ఒక బహ్రెయినీ మేడం, పక్కన ఒక మలయాళీ డిజైనర్. ఇద్దరూ కళ్లు చికిలించారు. నేను ఉండాల్సిన చోట ఎర్రటి మసక తప్ప ఏమీ లేదట. నా పైప్రాణాలు పైనే పోయాయి. దుకాణం వాణ్ణి తిట్టుకుంటూ, ఉన్న బటన్లన్నీ నొక్కాను. పాతదాని కెమెరా ఎప్పుడో పాడైపోయింది, వీడియో కాల్స్ ఫోన్‌లోనే మాట్లాడేదాన్ని. అందుకే లాప్‌టాప్‌కు కెమెరా కన్ను ఎక్కడుంటుందో నాకు గుర్తే లేదు. కాస్త ఆలస్యంగా నా చూపు బొట్టు మీద పడింది. చున్నీ కొసతో గబగబా తుడిచాను. వాళ్లకు ముందు నా వేలు, తర్వాత ఒక కన్ను, ఆ తర్వాత చెమటలు పట్టిన ముఖం కనిపించాయి.

సంగతి చెప్పక తప్పలేదు. మేడం పగలబడి నవ్వి, "యల్లా, ఇక కానివ్వు" అంటూ పరీక్ష ఇచ్చింది. ఒక సెల్‌ఫోన్ల దుకాణం ప్రారంభానికి చిన్న వీడియో చేయాలి. ముందే అనుకుని పెట్టుకున్న ఐడియాలన్నీ ఆ కంగారులో ఎగిరిపోయాయి. కళ్లలో ఎరుపొక్కటే మిగిలింది. దాంతోనే తెరంతా నింపాను. ఒక వేలు వచ్చి ఆ ఎరుపును తుడుస్తుంది, ఆ సందులోంచి దీపాలు వెలిగిన దుకాణం కనిపిస్తుంది. కొత్త లాప్‌టాప్ కిక్కురుమనకుండా తయారు చేసి ఇచ్చింది. మేడం మళ్లీ వేయమంది. చూసి, ఎప్పటి నుంచి చేరగలవని అడిగింది.

సాయంత్రం మా ఆయన వస్తూనే లాప్‌టాప్ వంక చూశాడు. ముఖం వాడిపోయింది.

"బొట్టు తుడిచినవా? ఖలాస్. నౌకరి పోయినట్టే."

పొద్దుటి నుంచీ ఆయన్ని కడిగిపారేయడానికి మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. అవన్నీ పక్కనపెట్టి వీడియో వేసి చూపించాను.

"ఇదేంది, మన బొట్టే గద!"

"అవును. దాంతోనే వచ్చింది నౌకరి."

ఆయన లోపలికి వెళ్లి కుంకుమ భరిణె పట్టుకొచ్చాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈసారి ఆయన వేలు పట్టుకుని, లాప్‌టాప్ వీపు మీద నేనే పెట్టించాను.