తోడు భిక్షం, ఫిన్లాండ్ పర్మిట్

నార్కట్‌పల్లిలో ఎవరైనా చెప్పుల్లో కాళ్లు పెడితే చాలు, నాలుగిళ్ల అవతల కూర్చున్న భిక్షం కాళ్లు దురద పెడతాయి. "యాడికి?" అంటాడు. ఎక్కడికని చెప్పినా "పద, నేను గూడ వస్త" అంటాడు. మనిషన్నవాడు ఒంటరిగా వెళ్లదగ్గ చోటు ఆయన లెక్కలో ఒక్కటే ఉంది, అది స్నానాల గది. అందుకే ఊరు ఆయన్ని తోడు భిక్షం అంటుంది. అసలు ఇంటిపేరు ఏమిటో రేషన్ కార్డు తీసి చూస్తే తప్ప ఆయన భార్య అండాలుకే గుర్తుకురాదు.

ఆయనకు పని లేదని కాదు. ఊరి బయట బత్తాయి తోట ఉంది. ఆ చెట్లు పాపం ఆయన తోడు లేకుండానే పెరిగి, ఆయన తోడు లేకుండానే కాశాయి.

ఒకసారి బావమరిది పరమేష్‌ను సూర్యాపేట బస్సు ఎక్కించి వస్తానని బయల్దేరాడు. ఇంట్లో అండాలు పొయ్యి మీద ఎసరు పెట్టింది. తీరా బస్సు కదిలే సమయానికి కిటికీలో పరమేష్ ముఖం చిన్నబోయినట్టు కనిపించిందట. ఎక్కేశాడు. సూర్యాపేటలో పరమేష్‌ను గడప దాకా దిగబెట్టి తిరిగొస్తుంటే, బస్టాండులో కోదాడ పోయే ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. దాంతో కోదాడ పోయాడు. అక్కడ ఇంకెవరు దొరికారో, మరునాడు పొద్దుగూకాక ఇల్లు చేరాడు. అన్నం చల్లారిందని అండాలు చెప్పింది.

కిష్టయ్యకు పన్ను నొప్పి వచ్చినప్పుడు నల్లగొండ దవాఖానకు తోడు పోయింది కూడా ఈయనే. కిష్టయ్య ఆ కుర్చీని చూసి గడప దగ్గరే నిలబడిపోయాడు. "గింత దానికి భయమేందే, ఇగో సూడు" అంటూ భిక్షం వెళ్లి కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు. డాక్టరుకు బయట ఇంకా బోలెడు మంది ఉన్నారు. తెరిచి ఉన్న నోట్లోంచి ఒక పన్ను పీకేశాడు. అది చూసి కిష్టయ్య నొప్పి అక్కడికక్కడే తగ్గిపోయింది. ఇద్దరూ ఒకే బస్సులో తిరిగొచ్చారు. ఒకరు బుగ్గ పట్టుకుని, ఒకరు పల్లీలు నములుతూ.

ఎల్లేష్ పెళ్లిచూపుల్లో అంతకన్నా ఘోరం జరిగేది. పిల్లవాడు సిగ్గుతో తల ఎత్తకపోతే వాడి తరఫున భిక్షమే అన్నింటికీ జవాబులు చెప్పాడు. వెళ్లేటప్పుడు పిల్ల మేనత్త ఎల్లేష్ తండ్రిని పక్కకు పిలిచి, వయసు కొంచెం ఎక్కువైనా ఆ మాట్లాడే పిల్లవాడే మాకు నచ్చాడు అన్నది. ఇక మనీష డ్రైవింగ్ పరీక్షకు పోతే, పిల్ల ఒక్కతే ఎలా నడుపుతుందని స్కూటీ వెనక ఎక్కి కూర్చున్నాడు. బండి దిగమని ఇన్‌స్పెక్టరు చెప్తే, పరీక్ష తర్వాత దిగుతానన్నాడు. మనీషకు ఆ రోజు లైసెన్సు రాలేదని వేరే చెప్పాలా.

ఇలాంటి మనిషి ఉన్న ఊళ్లో మల్లప్ప కూతురు ప్రవళికకు ఫిన్లాండ్‌లో చదువుకునే సీటు వచ్చింది.

ప్రవళిక వాళ్ల అవ్వది ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుము. ఆ నడుమును చూస్తూ పెరిగిన పిల్ల కనుక నీటిని శుద్ధి చేసే చదువే చదవాలని చిన్నప్పుడే అనుకుంది. సీటైతే వచ్చింది కానీ, అక్కడ ఉండి చదువుకోవడానికి ఆ దేశం వాళ్లు రెసిడెన్స్ పర్మిట్ ఇవ్వాలి. కంప్యూటరులో దరఖాస్తు పెట్టాక ఢిల్లీ వెళ్లి, అసలు కాగితాలు చూపించి, వేలిముద్రలిచ్చి, అధికారి అడిగినవాటికి జవాబు చెప్పాలి. అది రాకపోతే సీటు ఉన్నా లేనట్టే.

ఆ మాట ఊళ్లోకి వెళ్లి రకరకాలుగా తిరిగింది. మల్లప్ప మేళ్లచెరువు నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. ఆయనకు తెలిసింది నేషనల్ పర్మిట్ ఒక్కటే, మనిషికి పర్మిట్ ఏమిటో అర్థం కాలేదు. కిష్టయ్యకు తెలిసింది వైన్ షాపు పక్కన కూర్చుని తాగే పర్మిట్ రూం. ఆడపిల్లకు దాంతో ఏం పనని ఆయన మనసులో చాలా బాధపడ్డాడు.

ఢిల్లీ ప్రయాణం నాటికి మల్లప్పకు మద్రాసు లోడు పడింది. తల్లి నిర్మలమ్మ హైవే పక్కన టిఫిన్ సెంటరు నడుపుతుంది, వదిలి కదలడానికి లేదు. ప్రవళికకు లోపల కొంచెం దడగానే ఉంది కానీ, రేపు సముద్రాలు దాటి ఒక్కతే ఉండాల్సిన దానికి ఢిల్లీకి తోడెందుకని మొండికేసింది. అందరికన్నా ముందు భిక్షానికి చెప్పింది, గట్టిగా చెప్పింది.

"కాకా, నేను ఒక్కదాన్నే పోత."

"పో బిడ్డా, నిన్నెవలు వద్దన్నరు" అన్నాడు భిక్షం. "నేను గూడ ఒక్కన్నే వస్త."

మాట తప్పే మనిషి కాదు. ఒక్కడే వచ్చాడు. అదే రైలు, అదే పెట్టె, అటు చివర బెర్తు. సికింద్రాబాద్ దాటాక ప్రవళిక తల ఎత్తి చూస్తే, ఎవరో తెలియనట్టు ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకు తెలియలేదు.

దారి పొడుగునా ఆయన ఏమీ తినలేదు. తల్లి కట్టిచ్చిన పులిహోర ప్రవళిక తీసుకెళ్లి ఇస్తే, ఉపాసమున్నానన్నాడు. ఏ దేవుడికని అడిగితే కళ్లు మూసుకుని, అందరు దేవుళ్లకూ అన్నాడు. బండి ఆగిన ప్రతి స్టేషన్‌లో మాత్రం అందరికన్నా ముందు దిగేవాడు. నాగపూర్‌లో అలాగే దిగి, పెట్టె వెతుక్కుంటున్న ఒక ముసలమ్మకు తోడుగా ప్లాట్‌ఫారం ఆ చివరికి పోయాడు. బండి కదిలింది. ప్రవళిక తలుపు దగ్గర నిలబడి ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా చూసింది. చాలాసేపటికి ఆయన పెట్టెలన్నీ దాటుకుంటూ, తూలుకుంటూ వచ్చి, తన బెర్తులో తాను ఒక్కడే కూర్చున్నాడు. ఊరి జనం అనే మాటే ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది: పని లేదు, ఊళ్లు తిరగడమంటే సరదా, జనం టికెట్టు మీద లోకం చూస్తాడని. ఈసారి టికెట్టు ఆయన కొనుక్కున్నదే. అయినా ఆమెకు ఒళ్లు మండింది.

ఢిల్లీలో ఆఫీసు గేటు దగ్గర కాపలా మనిషి కాగితం ఉన్నవాళ్లే లోపలికన్నాడు. భిక్షం తనకొచ్చిన హిందీ అంతా ఒకచోటికి చేర్చి, బచ్చీ అకేలీ హై సాబ్ అని చెప్పి చూశాడు. కుదరలేదు. ప్రవళిక సిగ్గుతో తల వంచుకుని లోపలికి నడిచింది. ఆయన ఎదుటి వేపచెట్టు కిందికి పోయి గేటు వైపు తిరిగి కూర్చున్నాడు.

లోపల వేలిముద్రలయ్యాయి. అద్దం వెనక కూర్చున్న అధికారిణి కాగితాలు తిరగేసి, ఈ చదువే ఎందుకని అడిగింది. ప్రవళిక ఈ జవాబును అద్దం ముందు నిలబడి ఎన్నో సార్లు అప్పజెప్పుకుంది. ఇప్పుడు ఈ అద్దం ముందు ఒక్క ముక్క గుర్తు రాలేదు. అధికారిణి ప్రశ్న మార్చింది. మా దేశంలో చలికాలం పగలు కూడా సరిగా వెలుతురుండదు, నీవాళ్లెవరూ ఉండరు, ఒక్కదానివే ఎలా ఉంటావు అన్నది.

ఒక్కదానివే అన్న మాట చెవిన పడగానే ప్రవళికకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పక తప్పలేదు. మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు మేడం, ఎవరినీ ఒంటరిగా పోనివ్వడు, నేను ఒక్కదాన్నే పోతానంటే తనూ ఒక్కడే అదే రైల్లో వచ్చాడు, ఇప్పుడు మీ గేటు ముందే ఉన్నాడు అని చెప్పింది. కిష్టయ్య పన్ను సంగతి కూడా చెప్పింది. అధికారిణి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. అవ్వ నడుము, ఊరి బోరు నీళ్లు, ఏం నేర్చుకుని వచ్చి ఏం చేయాలనుకుంటున్నదీ, అన్నీ ఎదురింటావిడతో చెప్పినట్టే చెప్పింది.

గాల్లో తేలినట్టు బయటికొచ్చి చూస్తే వేపచెట్టు కింద భిక్షం లేడు.

కాపలా మనిషికి తెలియదు. ఫోను మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఎండ నెత్తి మీద ఉంది, చుట్టూ తెలిసిన ముఖం ఒక్కటి లేదు. రైల్లో పగలూ రాత్రీ అటు చివర కూర్చుని విసుగు తెప్పించిన మనిషి కోసం ప్రవళిక రోడ్డుకు అటూ ఇటూ కళ్లు కాయలు కాసేలా చూసింది. బాగా జరిగిందని చెప్పడానికైనా ఒక మనిషి ఉండాలి కదా అనిపించింది.

చివరికి వచ్చాడు. పక్కన తలపాగా కట్టుకున్న పెద్దాయన, ఇద్దరూ చేతులు పట్టుకుని. ఆయన కూతురు కూడా లోపలే ఉందట. ఆ పెద్దాయన ఎండకు కళ్లు తిరిగి పడబోతే భిక్షం దవాఖానకు తీసుకెళ్లి సెలైన్ ఎక్కించి తెచ్చాడు. పెద్దాయన పంజాబీలో ఏదో చెప్తున్నాడు, భిక్షం తెలుగులో అవునంటున్నాడు. ఇద్దరి మధ్య ఒక్క అభిప్రాయ భేదం కూడా లేదు.

ఊరు చేరిన మరునాడు తన బ్యాగులో కలిసి వచ్చిన కొత్త తువ్వాలు భిక్షానిదని ఇచ్చి రావడానికి ప్రవళిక వాళ్లింటికి పోయింది. ఆయన చీకటి గదిలో తలకు గుడ్డ కట్టుకుని పడుకుని ఉన్నాడు. అండాలు వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, చాలా మామూలుగా అడిగింది.

"ఎన్నిసార్లు కక్కిండు బిడ్డా?"

ప్రవళికకు అర్థం కాలేదు.

"మీ కాకకు చక్రం పడదు. బస్సు వాసనొస్తెనే కడుపుల తిప్పుతది. చిన్నప్పుడు ఎడ్లబండి ఎక్కినా అంతేనట. పోయినప్పుడల్ల వచ్చి గిట్లనే పడుకుంటడు. తింటే కక్కుతనని తినడు, అడిగితే ఉపాసమంటడు."

"మరి ఎందుకు పోతడు చిన్నమ్మా?"

అండాలు గింజ తీసి పక్కన పడేసింది. "నేను గూడ గదే అడిగిన. ఒక్కరే పోతే తొవ్వ పొడుగైతదే అన్నడు. ఇగ నేనేం అంట."

ప్రవళిక తువ్వాలును గడప మీద పెట్టింది. ఊళ్లు తిరిగే సరదా అనుకున్నవన్నీ, సూర్యాపేట, కోదాడ, నల్లగొండ, ఒక్కొక్కటే ఆమె కళ్ల ముందు తల తిరుగుతూ కడుపు పట్టుకుని బస్సు దిగాయి.

కొన్నాళ్లకు పర్మిట్ వచ్చింది. నిర్మలమ్మ ఆ రోజు టిఫిన్ సెంటరుకు వచ్చినవాళ్లందరికీ ఉప్మాతో పాటు జిలేబీ పెట్టింది. భిక్షం మాత్రం జిలేబీని పక్కన పెట్టాడు. అక్కడ బండి దిగాక రూము దాకా నీ తోటి ఎవలొస్తరని అడిగాడు. కొత్తగా వచ్చే పిల్లలను స్టేషన్‌లో కలిసి, వెంట ఉండి రూము చేర్చడానికి పై తరగతి పిల్లలుంటారని, తనకొక అమ్మాయిని ఇదివరకే కేటాయించారని ప్రవళిక చెప్పింది. తన పనికి ఆ దేశంలో ఒక పద్ధతే ఉందని విని భిక్షం జిలేబీని దగ్గరికి తీసుకున్నాడు.

"మంచి దేశమే" అన్నాడు చివరికి. జిలేబీ తిన్నాడు.

ప్రయాణం రోజు సాయంత్రం శంషాబాద్ పోయే కారు ఇంటి ముందుకు రాలేదు. హైవే మీద ఆగమని ప్రవళికే చెప్పింది. పెట్టెలు తీసుకుని మల్లప్ప ముందే వెళ్లాడు. "కాకా, హైవే దాకా నడుద్దామా" అంది. నడిచారు. వెనక నిర్మలమ్మ. కాళ్ల మీద నడిచే ప్రయాణంలో భిక్షం ఎలా ఉంటాడో ఆమె మొదటిసారి చూసింది. దారి పొడుగునా మాట్లాడాడు. నవ్వాడు. ఇద్దరికీ రెండు జామకాయలు కొని, రెండూ తనే తిన్నాడు.

కారు దగ్గర అలవాటు ప్రకారం ముందు తలుపు మీద చెయ్యి వేశాడు. ప్రవళిక ఆ చేతిని పట్టుకుంది.

"కాకా, నాకు బాపున్నడు. అమ్మ వస్తలేదు. పొద్దుగూకింది, ఒక్కతే ఇంటికి పోవాలె."

భిక్షం కారు వైపు చూశాడు. నిర్మలమ్మ వైపు చూశాడు. నిర్మలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వీలైనంత ఒంటరిగా నిలబడింది. పాపం, ఆయనకు ఇక దారి లేకపోయింది. "మంచిగ పో బిడ్డా" అని తల మీద చెయ్యి పెట్టి, కారు తలుపు తనే మూశాడు.

విమానం ఎక్కే ముందు ప్రవళిక తల్లికి ఫోన్ చేసింది. కాక ఇల్లు చేరాడా అని అడిగితే తల్లి నవ్వాపుకోలేకపోయింది. భిక్షం ఆమెను గడప దాకా దిగబెట్టాడట. నా బిడ్డకు ఇంత చేసిన మనిషి ఒక్కడే ఎలా పోతాడని నిర్మలమ్మ ఆయన్ని వాళ్లింటి దాకా దిగబెట్టింది. ఆడమనిషివి ఒక్కదానివే ఎలా పోతావని ఆయన మళ్లీ ఈమెను దిగబెట్టాడు. ఆమె మళ్లీ బయల్దేరింది. వీధిలో జనం అరుగుల మీదికి వచ్చి కూర్చుని చూడసాగారు. చివరికి అండాలు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడిందట.

"మరి చిన్నమ్మ ఎవలినన్న తిట్టిందా?"

"తిట్టలే బిడ్డా" అంది నిర్మలమ్మ. "చిన్నమ్మ మీ కాకను ఇంటికి తోల్కపోతాంటె, నేను గూడ వాళ్లెంట పోయి గాడనే బువ్వ తిన్న. ఇప్పుడు వాళ్లిద్దరు నన్ను దిగబెట్టనీకి చెప్పులేసుకుంటున్నరు."