ఏడు మేకల మొక్కు

నా తెలివితక్కువ పనులన్నిటినీ ఎత్తు ప్రకారం వరసగా నిలబెడితే, ఈ మేకల సంగతి తలకు గుమ్మం తగులుతుంది. ఒక్క నోటిమాటతో మా ఇంటినీ, దాంతోపాటు మరో మూడిళ్ళనూ ముంచబోయాను. అదీ పుణ్యం చేస్తున్నాననుకుంటూ. చంటిది ఇప్పుడే నిద్రపోయింది, అది లేచేలోగా చెప్పేస్తాను.

ఇది పెద్దవాడు పుట్టినప్పటి ముచ్చట. మధిరలో పుట్టి, ఖమ్మంలో బి.ఏ. చదివి, టేకులపల్లి దాటాక అడవి అంచునున్న ఊరికి కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. మా ఆయన కలప లారీ నడుపుతారు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు. మిగిలేది అత్తమ్మ, నేను, తొమ్మిది నెలల మావాడు, ఏడు మేకలు. అత్తమ్మకు అక్షరం రాదు. ఖర్చు దగ్గర మాత్రం మహా గట్టిది. ఆరిపోయిన అగ్గిపుల్లను కూడా మళ్ళీ వెలుగుతుందేమోనని ఒకసారి చూసి పారేసే రకం. ఖైరాత్, అంటే దానం చేయడం మన దీన్‌లో, మన మతంలో ఎంత గొప్పదో ఆమెకు నేర్పడం, చదువుకున్న కోడలిగా నా బాధ్యత అనుకునేదాన్ని. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. పిల్లాడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అత్తమ్మ మేకలను తోలుకుని అడవికి పోయింది. దవాఖానాకు పోవాలంటే నాలుగింటిదాకా బస్సు లేదు. నేను వాణ్ణి ఎత్తుకుని ఇంట్లోకీ వాకిట్లోకీ గానుగెద్దులా తిరుగుతున్నాను. పక్కింటి సారక్క వచ్చి వాడి నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆమె భర్తది బొగ్గుబాయిలో పని, ఆమెకు నలుగురు పిల్లలు. పండ్లు వస్తున్నాయేమో, నోట్లో వేలుపెట్టి చూడమంది. నలుగురిని పెంచినామె మాటకన్నా నా భయమే నాకు పెద్దగా వినబడింది. చేతులెత్తి, వీధి చివరిదాకా వినిపించేలా మొక్కేశాను.

"అల్లా, నా కొడుకు జ్వరం తగ్గితే మా ఇంట్లో మేకలన్నీ పేదలకు ఇచ్చేస్తాను."

సారక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అన్నీనా?"

"అన్నీ."

"మీ అత్తకు ఎరుకేనా, పిల్లా?"

"నేను అల్లాతో మాట్లాడుతున్నా, సారక్కా."

బస్సు రాకముందే జ్వరం తగ్గింది. సాయంత్రం వాడు నా వేలు కొరికితే చూశాను. కింది చిగురులో నూకంత తెల్లటి పన్ను. ఆ సంతోషం మేకలు ఇంటికొచ్చేదాకానే. ఏడూ వరసగా దడి లోపలికి వస్తుంటే ఒక్కోదాన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అత్తమ్మకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఊరికి చెప్పడానికి సారక్కకు చాలింది.

తెల్లారేసరికి వాకిట్లో నలుగురు. మనిషికో తాడు. మర్యాదస్తులు, పాపం. తాళ్ళు వీపుల వెనక దాచుకుని పిల్లాడికి ఎట్లున్నదని అడుగుతున్నారు.

పాలు పిండుతున్న అత్తమ్మ వాళ్ళను చూసి, నన్ను చూసింది. గడగడా చెప్పేసి, తిట్ల కోసం తల వంచుకుని నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. మావాడి గ్లాసు నింపి పక్కన పెట్టి, మూడు చెంబుల్లో పాలు పోసి నా చేతికిచ్చి, ఏ చెంబు ఏ ఇంటికో చెప్పింది.

"రోజూ నేనే పోత. ఇయ్యాల నువ్వు ఇచ్చి రా. మేకల సంగతి తర్వాత."

రోజూ తెల్లారకముందే ఆమె గడ్డికి పోతోందని నేననుకునేదాన్ని.

మొదటి చెంబు దగ్గుతో మంచం పట్టిన దర్జీ తాతకు. రెండోది, భర్త పోయినామె ఇంట్లో పాలు మరవని పాపకు. మూడోది ఊరి చివర జయమ్మకు. ఆమెకు కవలలు. తల్లి పాలు చాలడం లేదు. చెంబు అందుకుని పిల్లలిద్దరి వైపూ చూసింది.

"రేపటి సంది మేకలుండవంట గద," అంది. నిష్ఠూరం లేదు, ఏడుపు లేదు.

ఖాళీ చెంబు కోసం గడపలోనే నిలబడ్డాను. రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఒకే పొయ్యి మీద వండుకుని, నేనీ మనిషిని చూడనేలేదు. అగ్గిపుల్లకు వెనకాడే ఆ చేయి వానలో, ముసురులో, రోజా ఉపవాసమున్న రోజుల్లో కూడా ఈ మూడు గడపలకు పాలు మోసింది. నేను ఒక్కరోజులో ఊరంతా వినేలా ఇచ్చేయబోయినదాన్ని, ఆమె ఏళ్ళ తరబడి చెంబు చప్పుడు కూడా కాకుండా ఇస్తోంది. ఇంటికి వెనక్కి నడుస్తుంటే ఆమె ముందు నిలబడాలంటేనే అదోరకం భయం వేసింది. నమాజుకు నిలబడేటప్పుడు వేసే భయం అది.

నేనొచ్చేసరికి, మొక్కు సంగతి విని వచ్చిన మా మసీదు ముల్లా సాబ్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. ఆయన నన్ను చూసి, మేకలు ఎవరివమ్మా అన్నారు. అత్తమ్మవన్నాను.

"మరి నువ్వెట్ల మొక్కినవ్? రేపు వాడికి జలుబు జేస్తే నా సైకిల్ మొక్కుతవా?"

నీది కానిదాన్ని మొక్కితే అది మొక్కే కాదన్నారు. ఇంటోళ్ళను పస్తులుంచి ఖైరాత్ చేయమని దీన్ అడగదనీ, ఇంట్లోవాళ్ళకు పెట్టేది కూడా ఖైరాతేననీ చెప్పారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే అత్తమ్మ నోరు విప్పింది.

"ఒకటి దాందే, ముల్లా సాబ్. కొడుకు పుట్టిన్నాడు దాని పేర ఇచ్చిన. ఆ చెవుల మచ్చది."

"అయితే అది ఇయ్యాలె," అన్నారు ఆయన.

తాళ్ళవాళ్ళు చాయ్ తాగారు. అత్తమ్మ తలా మానెడు జొన్నలు పోసి పంపింది. మచ్చమేకను నేనే జయమ్మకు అప్పగించి, కళ్ళు తుడుచుకుంటూ గొప్పగా ఇంటికొచ్చాను.

సాయంత్రం నాకన్నా గొప్పగా మచ్చమేక కూడా ఇంటికొచ్చింది. దానికి మంద కనబడితే చాలు, తాడు ఒక లెక్క కాదు. మళ్ళీ ఈడ్చుకెళ్ళి జయమ్మకు ఇచ్చాను. మర్నాడు మళ్ళీ వచ్చింది. అది నాలుగు కాళ్ళూ తన్నిపట్టి, ఊరంతా వినేలా అరుస్తుంటే, చంకలో పిల్లాడితో రోజూ అదే వీధిలో అదే దానం. పదో రోజున, ఊరికి కొత్తగా వచ్చిన బడిపంతులు అత్తమ్మను ఆపి, మీ కోడలు రోజుకో మేకను దానం చేస్తోంది గదా, ఇంకా ఏమైనా మిగిలాయా అని అడిగాడట.

"ఏడుండె, సారూ," అంది అత్తమ్మ. "పది ఇచ్చింది. ఇంక ఆరున్నయ్."

కాబట్టి ఇది చదువుతున్న మీరందరూ సాక్షులు. ఇకమీద పిల్లలకు ఒళ్ళు కాలితే ముందు నోట్లో వేలుపెట్టి చూస్తాను. అప్పటికీ భయం తగ్గకపోతే తప్పకుండా మొక్కుకుంటాను. కాకపోతే గొంతు తగ్గించి, నాదైనదాన్నే, అందులోనూ కాళ్ళు లేనిదాన్నే.