చెక్క అరుగు మీద కిర్రు

ముప్పై ఐదేళ్లుగా వడ్రంగం చేస్తున్న ఆ మేస్త్రికి ఒక నియమం ఉండేది. నేల మీద పరిచే చెక్కపని ఏదైనా సరే, బిగింపు ముగియగానే చెప్పులు విడిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా దాని మీద నడిచేవాడు. ఆ నడక సాగినంతసేపూ ఎవరూ పెదవి కదపరాదు. చివర ఆయన తల ఊపితే పని అయినట్లే, ఊపకపోతే విప్పవలసినదే. ఎవరైనా గొణిగితే, "చెక్క మాట్లాడుతుంటే మధ్యలో నీ సొదేమిట్రా?" అని కసిరేవాడు.

ఈసారి పని ఒక పంతులమ్మ ఇంట్లోని సినిమా గదిలో పడింది. ముందువరుస వారి తలలు వెనుకవారికి అడ్డు రాకుండా, వెనుక కుర్చీల కింద అడుగెత్తున చెక్క అరుగు కట్టాలి. మేస్త్రి అడ్డదూలాలు పేర్చి, సందుల్లో చప్పుడును అణిచే దూదిపరుపులు కూరి, పైన రెండు పొరల ప్లైవుడ్ బిగించాడు. దాని మీద తివాచీ పరిచే పని ఆయన బావమరిదిది.

బిగింపు ముగిసిన నాడు మేస్త్రి నడిచాడు. ఏమీ వినబడలేదు. గోడలంతటా మెత్తని పలకలు అతికించిన గది అది. దగ్గితే దగ్గు గొంతులోనే ఉండిపోయినట్లు తోచేది.

"గది భలే కుదిరిందిరా! చప్పుడన్నదే లేదు," అని మురిసిపోతూ తల ఊపాడు.

బావమరిది ఏదో అనబోయి మానుకున్నాడు. మరునాడు బూడిదరంగు తివాచీని అరుగు అంచు మీదుగా ముడత పడకుండా లాగి, జిగురు పెట్టి అతికించేశాడు.

పంతులమ్మ వచ్చి అరుగెక్కింది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఇదేమిటండీ మేస్త్రి గారూ, ఇక్కడ కిర్రుమంటోంది?"

"ఎక్కడమ్మా?"

"ఇదిగో, ఇక్కడే. పిల్లి తోక తొక్కినట్టుంటే, వినిపించట్లేదూ?"

మేస్త్రి మోకాళ్ల మీద కూలబడి చెవిని తివాచీకి ఆనించాడు. ఆమె పాదం నొక్కడం కనబడింది, ఎత్తడం కనబడింది. జిగురు వాసన ముక్కుకు తగిలింది. కిర్రు మాత్రం లేదు. "కుక్కరు కూతలు పెట్టినా వినబడదు, చెవుల్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అని ఏడాదిగా భార్య వేస్తున్న కేకలు గుర్తుకొచ్చాయి. అది ఆవిడ నోటి దురుసనే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

"నీకూ వినిపిస్తోందా?" అని బావమరిదిని అడిగాడు.

అతడు నేలచూపులు చూశాడు. "మొన్ననే వినిపించింది బావా."

"మరి చెప్పి ఏడవొచ్చుగా!"

"నువ్వు తల ఊపాక నోరెత్తినవాడున్నాడా ఇన్నేళ్లలో? పైగా నీకు వినబడనిది నాకెలా వినబడిందా అని, నా చెవుల మీదే నాకు అనుమానమొచ్చింది."

మేస్త్రి లేచి, తివాచీ అంచు పట్టుకున్నాడు. తన చేతులకు ఇంకా వణుకు లేదు, కంటికి కొలత తప్పలేదు. కానీ పని అయిందో లేదో తేల్చే ఆ ఒక్క తల ఊపూ పోతే, తాను మేస్త్రి ఎట్లా అవుతాడు?

తివాచీని వెనక్కి లాగారు. జిగురు పట్టిన అడుగుపొర చర్రున చిరిగింది. ఆ చప్పుడు మాత్రం ఆయనకు స్పష్టంగా వినబడింది. బావమరిది ఒకచోట వేలు పెట్టి చూపించాడు. అక్కడి స్క్రూ దూలంలోకి దిగకుండా పక్కకు పోయింది. మేస్త్రి దాన్ని ఊడదీసి, రెండంగుళాల అవతల కొత్త స్క్రూ దించి, చెప్పులు విడిచి నడిచాడు.

గదిలో ఎవరూ పెదవి కదపలేదు. అరుగు చివర ఆగి, అలవాటుగా తల ఊపబోయి, నిలువరించుకుని, బావమరిది ముఖం వంక చూశాడు.

అతడు చెవి ఒగ్గి, గోడ పక్కన ఒకచోట చూపు నిలిపాడు.

"ఇంకోసారి నడు బావా... ఆ గోడ పక్కగా," అన్నాడు చివరికి.

మేస్త్రి వెనుదిరిగి, గోడ పక్కగా మళ్లీ నడిచాడు.