బూడిద రాజు మీద జాలి

మహారాష్ట్ర సరిహద్దులోని దెగ్లూర్ బస్టాండుకు ఎదురుగా, జిరాక్స్ దుకాణానికీ బజ్జీల బండికీ మధ్య ఇరుక్కుని సూర్యకాంత్ మొబైల్ రిపేరు దుకాణం ఉంది. దుకాణమనగానే ఏదో పెద్దది ఊహించుకోకండి. ఒక గాజు కౌంటరు, రెండు స్టూళ్లు, ఒక పాత కంప్యూటరు, అంతే. మధ్యాహ్నం గిరాకీ ఉండదు కాబట్టి ఆ రెండు గంటలూ సూర్యకాంత్ మనుషుల్ని నరుకుతాడు. కంప్యూటర్లోనే లెండి. ఆడుతూ, సగం తెలుగులో సగం మరాఠీలో వాగుతూ, ఆ ఆటను యూట్యూబులో లైవ్‌గా చూపిస్తాడు. చూసేవాళ్లు ఓ రెండు మూడు వందల మంది ఉంటారు. అందరూ అతనిలాగే మధ్యాహ్నం తోచనివాళ్లు.

ఆ వారం ఆడుతున్న ఆటలో ఒక బూడిద రాజున్నాడు. భార్య జబ్బుచేసి చచ్చిపోతే, ఆమెను బతికించుకోవడానికి ఏడాదికో ఊరిని నరికి ఆ నెత్తురు ఆమె మీద పోస్తాడు. పోసినప్పుడల్లా రాణి లేస్తుంది. లేచి ఎటూ పోకుండా ఆమె కాలికి గొలుసు వేసి సింహాసనానికి కట్టేశాడు. ఆఖరి యుద్ధంలో ఆటగాడు ఇద్దరితోనూ తలపడాలి. చేయి తెగి, పేగులు బయటపడ్డ రాజు పాకుతూ వెళ్లి రాణి పాదాలు పట్టుకుని ఏడుస్తాడు. అప్పుడు ఆట అడుగుతుంది, నరకాలా, వదిలేయాలా అని.

మూడు రోజులుగా లైవ్‌లో ఇదే గొడవ. వాణ్ని చంపాల్సిందేనని సగం మంది, పాపం ప్రేమించాడు కదా అని సగం మంది. సూర్యకాంత్ రెండో సగం. ఎన్నిసార్లు గెలిచినా రాజును వదిలేస్తాడు. "పెండ్లాం అంటే అంత పానం ఆయనకు. పుట్టుకతోని రాచ్చసుడు కాదు, లోకం చేసింది" అని మైకులో గొంతు బరువు చేసుకుని చెబుతాడు.

ఈ జాలి అతనికి ఆటలో పుట్టింది కాదు, తల్లి చంద్రభాగ దగ్గర నేర్చుకున్నది. వాళ్లది దగ్గర్లోని మర్ఖేల్ పల్లె. గుంటెడు భూమి లేని ఇల్లు. దీపావళి దాటగానే తండ్రి మాణిక్, తల్లి చంద్రభాగ చెరకు నరకడానికి పడమటి జిల్లాలకు పోయేవారు. ఆ పనిలో మనుషుల్ని లెక్కపెట్టరు, జంటల్ని లెక్కపెడతారు. మొగుడు నరుకుతాడు, పెళ్లాం మోపులు కట్టి నెత్తిన మోసి బండికెత్తుతుంది. ఇద్దరూ కలిస్తే ఒక కోయ్తా. చెరకు నరికే కత్తి పేరే ఆ జంటకూ పేరు. ఒంటరి మనిషి అర కోయ్తా. వాణ్ని కూలీల మేస్త్రీ ముకద్దం లారీ ఎక్కించుకోడు.

చంద్రభాగ జ్వరంతో లేవలేకపోయిన రోజున మాణిక్ కోయ్తా తిప్పి పట్టుకుని, మొద్దు వైపుతో ఆమె వీపు మీద బాదేవాడు. ఒకసారి కోపంలో తిప్పడం మరిచిపోయాడు. చెవి సగానికి తెగి చెరకాకుల మీద పడింది. తర్వాత మాణిక్ ఆమె కాళ్లు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. "పని ఆయనను కొట్టింది, ఆయన నన్ను కొట్టిండు. మనిషి మంచోడే" అని చంద్రభాగ మొగుడు పోయి తొమ్మిదేళ్లయినా చెబుతూనే ఉంది. సూర్యకాంత్‌కు తండ్రి చేతులు మరుపున పడ్డాయి గానీ ఆ ఏడుపు మాత్రం గుర్తుండిపోయింది.

అతని చెల్లెలు కోమల్‌ను ఇస్లాపూర్ గజానన్‌కిచ్చారు. అతనిదీ అదే పని. రెండు పంటకాలాలు ఇద్దరూ ఒక కోయ్తాగా పోయారు. రెండో ఏడు, మోపు కింద పడేసిందని గజానన్ ఆమె ఎడమ మణికట్టును చెరకు బండి చక్రం ఇనుప పట్టాకు ఆనించి విరిచాడు. కోమల్ అక్కడి నుంచే బస్సెక్కి అన్న దగ్గరికి వచ్చేసింది. ఎనిమిది నెలలైంది. మణికట్టు వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే గిరాకీల ఫోన్ల తెరలకు గ్లాసులు అతికిస్తోంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం లైవ్‌లో కోమల్ మొదటిసారి నోరు విప్పింది.

"అన్న, ఆ రాణిని ఎవలన్నా అడిగిండ్రా?"

"ఏమని?"

"ఊర్లకు ఊర్లు నరికి నెత్తురు పోస్తే బతుకుతవా అని."

"గది ప్రేమ, కోమల్. ప్రేమ లేకుంటే గట్ల ఎందుకు ఏడుస్తడు?"

"ఏడ్సుడు ఎవలకు రాదు? కొట్టీ కొట్టీ అలిసినోడు గూడ ఏడుస్తడు. ముందుగాల గొలుసు ఇప్పమను. గప్పుడు ఏడిస్తే సూద్దాం."

కామెంట్లు వరదలా వచ్చాయి. అక్క మాట నిజమని కొందరు, అక్కకు ఆట తెలియదని కొందరు. సూర్యకాంత్‌కు ఒళ్లు మండింది. "నువ్వు జర చుప్పుండు" అన్నాడు. కోమల్ కుడిచేయి చాపి మౌస్ నొక్కింది. రాజు తల తెగి మెట్ల మీద దొర్లింది. చెల్లెలు ఆ తలకేసి రెప్పవేయకుండా చూసింది.

అతని కోపానికి అసలు కారణం వేరే ఉంది. ముందురోజు గజానన్ ఫోన్ చేసి అరగంట ఏడ్చాడు. "కోమల్ లేక పిచ్చోన్నయితున్న బావా, ఒక్కసారి మాట్లాడనియ్యి" అన్నాడు. సూర్యకాంత్ కరిగిపోయి రమ్మన్నాడు. చెల్లెలికి ఒక్క మాట చెప్పలేదు. దీపావళి దాటిందనీ, లారీలు కదిలే రోజులనీ ఆ బుర్రకు తట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ లారీలు చూసినవాడికి తట్టకపోవడమే విడ్డూరం.

మూడింటికి గజానన్ సర్కారీ బస్సు దిగి నేరుగా దుకాణంలోకి వచ్చాడు. కోమల్ గోడకు జరిగింది.

"నడువు, బట్టలు సదురుకో. సోమారం లారీ ఉంది."

"నేను రాను."

గజానన్ చేతులు జోడించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "దండం పెడుత కోమల్. నువ్వు లేకుంటే ముకద్దం నన్ను ఎక్కించుకోడు. అర కోయ్తా నాకెందుకన్నడు, నలుగుట్ల ఇజ్జత్ తీసిండు."

ఫోన్లో అరగంట విన్న ఏడుపు దేనికోసమో సూర్యకాంత్‌కు అప్పుడు తెలిసింది. నోరు తెరిచేలోగా గజానన్ కోమల్ జుట్టు పట్టి ఆమె ముఖాన్ని కౌంటరుకేసి కొట్టాడు. గాజు పగిలింది. కనుబొమ చీలి నెత్తురు కంట్లోకి కారింది. వంకర మణికట్టును వెనక్కి మెలిపెడుతూ, ఏడుస్తూనే, రెండోసారి కొట్టాడు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, మొదటి దెబ్బకు సూర్యకాంత్ కదల్లేదు. బావ కన్నీళ్లు చూస్తూ నిలబడిపోయాడు.

రెండో దెబ్బకు కదిలాడు. కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ తీసి గజానన్ మెడ మీద నొక్కాడు. చర్మం చుయ్యిమంది. గజానన్ తిరిగి గుద్దిన గుద్దుకు సూర్యకాంత్ ముందు పన్ను విరిగింది. నోట్లో నెత్తురుతోనే స్టూలు ఎత్తి మోకాళ్ల మీద బాదాడు. గజానన్ కూలబడ్డాడు. కూలబడినవాణ్ని కూడా బాదాడు, భుజం మీద, వీపు మీద, అడ్డం పెట్టిన వేళ్ల మీద. వేళ్లు విరిగిన చప్పుడు బజ్జీల బండి దాకా వినిపించింది. లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. తెర మీద రాజు మంచివాడా కాదా అని జనం కొట్టుకుంటూనే ఉన్నారు.

"సాలు అన్న, సచ్చిపోతడు" అంది కోమల్. ఆమె గొంతు విన్నాకే సూర్యకాంత్‌కు తానూ ఏడుస్తున్నానని తెలిసింది. స్టూలు జారవిడిచి తన చేతుల్ని చూసుకుని భయపడ్డాడు.

ఆస్పత్రిలో గజానన్ వేళ్లకు కట్లు కట్టారు, కోమల్ కనుబొమ మీద ఏడు కుట్లు పడ్డాయి. నొప్పికి పళ్లు బిగించింది గానీ నోరు తెరవలేదు. అక్కడి నుంచి ఠాణాకు వెళ్లారు. హవల్దారు ఓపిగ్గా మరాఠీలో ఫిర్యాదు రాసుకున్నాడు. అంతా రాశాక, ఎనిమిది నెలలు ఇటు తొంగిచూడనివాడు ఈరోజే ఎట్లా వచ్చాడని కోమల్‌ను అడిగాడు.

"తెల్వది సాబ్" అంది కోమల్.

సూర్యకాంత్ ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. చెల్లెలు జీవితాంతం అన్నే కాపాడాడని చెప్పుకునేది.

"నేనే పిలిచిన సాబ్" అన్నాడు. "ఫోన్ల ఏడిస్తే జాలిపడి రమ్మన్న. దీనికి చెప్పలేదు. గది గూడ రాయుండ్రి."

హవల్దారు మళ్లీ కలం తీశాడు. కోమల్ అన్న వైపు తిరిగింది. ఆ రోజు తిన్న దెబ్బలకూ, వేసిన కుట్లకూ ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది.