చింతపండు పులుసులో నానిన జాడీ

కంభం మామ పోయాడని మొన్న కబురు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. మేం వెళ్లేసరికి అత్త గడప దగ్గర కూర్చుని ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నీళ్లలో పోతాడని ఇన్నేండ్లు భయపడి చచ్చినా పాపా. మంచం మీద పోయినాడు. నేనే గెలిచినా," అంది.

మామకు గొర్రెలుండేవి. ఎండాకాలం వాటిని చెరువుకు తోలుకుపోయి కడిగేవాడు. మందను గట్టెక్కించాక తను మునిగేవాడు. ఒకప్పుడు తెల్లదొరలు కట్ట మీద డేరాలు వేసుకుని, తాగి పారేసిన సీసాలు అడుగు బురదలో ఉండేవి. మొదట్లో గొర్రెలకు మందు తాపడానికని తెచ్చాడు. మూతి మందంగా ఉంటే గొర్రె కొరికినా పగలదు. అలా మంచి మూతులన్నీ పాత సీసాలవేనని పట్టుకున్నాడు.

"బొటనవేలు పెట్టి చూడు. అచ్చు రెండు చెక్కలు కలిసినకాడ పడే గీత మూతిదాకా పోయిందా, అది మిషనుది. మెడకాడ ఆగిందా, మూతి మనిషి చేత్తో చేసినాడు. అదీ పాతదంటే!"

వినయమంటే మా మామకు తెలియదు. పెళ్లి పంక్తిలో కూర్చుని కూడా ఈ పాఠమే చెప్పేవాడు. ఇప్పటికీ ఏ సీసా చేతికొచ్చినా నా బొటనవేలు దాని మీద నడుస్తుంది. అది ఆయన పెట్టిన భిక్షే.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు; నేను చిన్నపిల్లగా వాళ్లింట్లోనే ఉండేదాన్ని. పాత వస్తువులు కొనే ఒక మద్రాసాయన, ఎవరో చెబితే విని, మామ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అత్తకు అదే అదను.

"ఆయన నీ సరుకును ఒట్టి గాజుపెంకు అన్నాడంటే, ఇంక నువ్వు చెరువులో మునగగూడదు. ఒట్టెయ్."

మామ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. ఆయన ఒట్టు తప్పే మనిషి కాదు.

మామ చెరువులో ఏరి దాచినవాటిలోంచి మద్రాసాయన ఆకుపచ్చ గాజు జాడీ ఒకటి తీసుకుని వేలితో తడిమాడు. "గీత మూతిదాకా ఉంది. కొత్తదేనండీ," అన్నాడు. అత్త ముఖం వెలిగిపోయింది.

"అది గీత కాదన్నా, చెరువు నీళ్లకు పట్టిన గార. పోగొట్టి చూపిస్తా," అన్నాడు మామ.

అత్త అప్పటికే గుప్పెడు ఇసుక పట్టుకొచ్చింది. మా ఊళ్లో ఏ గిన్నెకు మురికి పట్టినా ఇసుకతోనే తోముతాం. మామ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇసుకేస్తే గాజంతా గీరుకపోతాది. చింతపండు పిసుకు."

తన పందెం పోతుందేమోనని తెలిసీ అత్త చిక్కగా పిసికి ఇచ్చింది. ఆమె అలాంటిది.

మధ్యాహ్నందాకా జాడీ పులుసులో నానింది. మద్రాసాయన అరుగు దిగలేదు. మామ గుడ్డతో తుడిచి అందించాడు. ఆయన వేలు జాడీ పక్కనుంచి పైకి పాకి, మెడ దగ్గర ఆగింది. మళ్లీ తడిమాడు. వెలుతురుకు ఎత్తి గాజులోని బుడగలు చూశాడు. లేచి మామ చెయ్యి పట్టుకున్నాడు.

"పొరబడ్డాను. దొరల కాలందే. ఇలాంటిది నాకింతవరకూ దొరకలేదు. మీరెంత చెబితే అంతకు తీసుకుంటాను."

అరుగు చుట్టూ చేరిన జనం ఈలలు వేశారు. "ఇచ్చేది లేదన్నా, ఇది మా ఇంటిది," అని మామ మీసం దువ్వాడు.

ఆ సాయంత్రం అత్త తనంతట తనే కట్టదాకా వచ్చింది. అంతకుముందు ఎన్నడూ రాలేదు. మామ పంచె ఎగ్గట్టి దూకాడు. కాసేపటికి నీళ్లు కదలడం కూడా మానేశాయి. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అల్లంత దూరాన ముందు ఒక చెయ్యి లేచింది, అందులో బురద కారుతున్న సీసా.

"మొదట తల ఎత్తు! సీసా యాడికీ పోదు!" అని అత్త అరిచింది.

ఆ చెయ్యి మాత్రం ఇంకాస్త పైకి లేచి, సీసాను ఎండలో అటూ ఇటూ ఊపింది.