ఎడమచేతి సారె సకినాలు

చెల్లెలి పెళ్లి ఐదు రోజుల్లో ఉందనగా నా కుడి మోచెయ్యి మొండికేసింది. టీ గ్లాసు ఎత్తినా, తడి చీర పిండినా మోచేతి బయటి ఎముక దగ్గర సూది దిగినట్టయ్యేది. కోదాడలో అప్పటికి రెండు వారాలుగా ఊళ్లో వాళ్ల పెళ్లిళ్లకు బియ్యప్పిండితో సకినాలు చుట్టి చుట్టి తెచ్చుకున్న నొప్పి అది. ఇప్పుడు మా ఇంటి సారె మిగిలింది. సారె సకినాలు పెళ్లికూతురి అక్కే చుట్టాలని మా వాళ్ల పట్టు.

సూర్యాపేటలో ఎముకల డాక్టరు నా అరచేతి వెనక వైపు అదిమిపట్టి మణికట్టు పైకి లేపమన్నాడు. లేపేసరికి ప్రాణం పోయినంత పనైంది. టెన్నిస్ ఎల్బో అట. నేను బ్యాటు ముట్టలేదు సారూ అంటే నవ్వాడు. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది దెబ్బతింటుందట, దానికి ఆటే ఆడక్కర్లేదట. మోచేతి కింద కట్టుకోవడానికి పట్టీ ఇచ్చాడు. బట్టలు పిండొద్దు, ఏదైనా ఎత్తితే అరచెయ్యి పైకి పెట్టి ఎత్తు, నొప్పి తగ్గాక నీళ్ల సీసాతో మెల్లగా వ్యాయామం చెయ్యి, నయమవడానికి నెలలు పడుతుంది అన్నాడు. సకినాల సంగతి నేను అడగలేదు. అడిగితే వద్దంటాడు కదా.

మర్నాడు పొడుగు చేతుల జాకెట్టు కింద పట్టీ దాచి, ఆడవాళ్లందరికీ వీపు పెట్టి కూర్చుని, ఎడమ చేత్తో చుట్టాను. శుభకార్యంలో ఎడమ చెయ్యా అని ఎవరైనా అంటే ఇంకేముంది. చుట్టలు బాగానే వచ్చాయి. గుడ్డ మీద ఆరబెట్టాకే తెలిసింది, అందరివీ ఒక వైపు తిరిగితే నావి ఎదురు తిరిగాయని.

హుజూర్‌నగర్ నుంచి వచ్చిన మా మేనత్త కళ్లు డేగ కళ్లు. నా జాకెట్టు చెయ్యి పైకి లాగి పట్టీ చూసింది.

"ఎడమ చేత్తోనా? మిర్యాలగూడ పెండ్లికొడుకోళ్లు సూస్తే మన ఇజ్జత్ ఖతం."

నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం నా సకినం ఒకటి తీసి బోర్లా తిప్పింది. చుట్ట అందరి చుట్టల వైపే తిరిగింది.

"గిట్లనే కాల్చి, గంపల గూడ బోర్లనే పెట్టు. నోరు ముయ్యి."

పెళ్లయ్యాక సారె పట్టుకుని మిర్యాలగూడ వెళ్తే, వియ్యపురాలు గంపలోంచి ఒక సకినం తీసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆమె కొరికి, ఇంత గుల్లగా ఎవరు చేశారని అడిగి, నా మొహం చూసింది. వాళ్ల ఆడబిడ్డ కూతురి పెళ్లి వచ్చే నెలేనట, ఆ సారె కూడా నేనే చుట్టాలట.

నా మోచెయ్యి జివ్వుమంది. అత్త రెప్ప వెయ్యలేదు.

"ఆర్నెల్ల దాక మా పిల్ల సెయ్యి ఖాళీ లేదు వదినా."

ఏ చెయ్యో ఆమె అడగలేదు, అత్తా చెప్పలేదు.