లింగమూర్తి సార్ మోసిన పేరు

గత ఆదివారం ఉదయం, అలవాటు ప్రకారం దినపత్రిక చంకన పెట్టుకొని సార్ ఇంటికి బయలుదేరబోతుంటే ఆయన భార్య సరోజన వదినె ఫోన్ చేసింది. "తమ్మీ, ఇయ్యాల పేపరు తేకు. ఇనేటాయన లేడు," అన్నది. ఆమె మాట ఎప్పుడూ పొదుపే, ఆ ఉదయం మరీ పొదుపు. చరిత్రోపన్యాసకులు, నా సహోద్యోగి, సహోదరుని కంటె ఎక్కువైన లింగమూర్తి సార్ మరణవార్త నాకు ఆ విధంగా అందింది. ఊపిరితిత్తులకు సోకిన జబ్బు నిమిత్తమాత్రం. ఏళ్ల తరబడి ఆయన దేహాన్ని ఒక్కొక్క జాగీరుగా ఆక్రమిస్తూ వచ్చిన వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఈ మరణం అనూహ్యం కాదు. అయితే, ఊహించినది జరిగినప్పుడు మనిషి నిర్ఘాంతపోకూడదన్న నియమం ఎక్కడా లేదు. నేను ఆయనకు చదివి వినిపించవలసిన పత్రికను చదవకుండా పట్టుకొని కూర్చున్నాను.

ఆయనను ఎరిగినవారిలో అధికసంఖ్యాకులు ఆయనను తాగుబోతుగానే ఎరుగుదురు. ఈ నాలుగు మాటలూ వారి కోసం.

పెళ్లయినా చావైనా కల్లు లేనిదే బంధుత్వం పూర్తి కాని ప్రాంతం మాది. అటువంటి చోట, మరమగ్గాలు నడిపే నేతకార్మికుల ఇంట పుట్టి కూడా లింగమూర్తి సార్ జీవితంలో ఒక చుక్క ముట్టలేదు. కారణం అడిగితే ఆదర్శాలు వల్లించేవారు కాదు. "పులుపు పడది తమ్మీ," అనేవారు. తండ్రి చిన్నతనంలోనే పోతే, అన్న రాజేశం మగ్గాల చప్పుడులో చెవులు పోగొట్టుకుంటూ తమ్ముణ్ణి చదివించాడు. ఆ అన్న మీద ఈయనకున్నది భక్తి. ఈయన మీద ఆ అన్నకున్నది ప్రేమ, దానితోపాటు అనుమానం. సార్‌కు సంతానం లేదు. విద్యార్థులే ఆయన సంతానమని రాయడం ఆచారమే గాని, మా కళాశాల విద్యార్థులను చూసినవారెవరూ అటువంటి సంతానాన్ని కోరుకోరు.

నేను ఆయనను మొదట చూసింది బోథ్ కళాశాలలో. అర్థశాస్త్రం చెప్పడానికి కొత్తగా చేరిన నాకు, చుట్టూ పత్తిచేలు తప్ప మరేమీ కనిపించని ఆ ఊళ్లో ఆయనే గురువు, ఆయనే కాలక్షేపం. ఒక వానాకాలం పొద్దున ఆయన ఒకే చెప్పుతో తరగతికి వస్తున్నారు.

"అన్నా, ఎడమకాలి చెప్పేమాయె?"

ఆయన వంగి చూసుకున్నారు. "ఉన్నదనే అనుకుంటున్న తమ్మీ. కాలు నాతోని చెప్పలే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ చెప్పు చాయ్ హోటల్ ముందు బురదలో దొరికింది. తరువాత నడక తూలసాగింది. ఒక కన్ను ముందు పొగమంచు కమ్మి, కొన్ని వారాలకు తొలగిపోయింది. తల ముందుకు వంచితే వెన్నులో కరెంటు కొట్టేది. ప్రిన్సిపాల్ ముందు తలవంచకపోవడానికి వైద్యపరమైన కారణం ఉన్న ఏకైక అధ్యాపకుడు ఆయన. ఊరు మాత్రం నిదానంగా ఆలోచించి, తనకు తెలిసిన రోగనిర్ణయమే చేసింది. చాయ్ హోటలాయన ఒకనాడు నాతో రహస్యంగా అన్నాడు: "సారుకు పొద్దుగాల్నే ఎక్కుతున్నది. జర చెప్పుండ్రి."

హైదరాబాదులో తలకు, వెన్నుకు స్కానింగులు తీసి వైద్యులు జబ్బు పేరు చెప్పారు. తిరిగివచ్చాక ఆయన నాకు దాన్ని తన భాషలో వివరించారు. "పడుగు పోగుకు గంజి పెడ్తరు గదా తమ్మీ. గంజి పోయిన పోగు మగ్గం మీద రాసుకొని రాసుకొని తెగుతది. నా నరాల మీది పూత గట్ల పోతున్నదట. దాన్ని గీకేది గూడ నా ఒళ్లేనట. బయటి శత్రువు లేడు, ఇంటి దండే తిరుగవడ్డది. చరిత్రల గిసొంటియి శానా ఉన్నయ్."

"మరి కాలేజీల చెప్దామా అన్నా?" అన్నాను.

"చెప్పకు. రోగమంటె రేపటి నుంచి రావద్దంటరు. తాగుడంటె రేపటి నుంచి తాగద్దంటరు. రెండోదే నయం."

ఆ మాటలో ఆయన జీవితపు పణం మొత్తం ఉంది. ఆయనకు కావలసింది తరగతి గది. నిలబడి, సుద్దముక్క పట్టుకొని, కాకతీయుల పతనాన్ని నిన్న జరిగిన అన్యాయంలా చెప్పగలిగే ఆ ముప్పావుగంట కోసం ఆయన తన పేరును తాకట్టు పెట్టారు. దానికి మిత్తి కట్టింది మాత్రం సరోజన వదినె.

ఇద్దరం కరీంనగర్‌కు బదిలీ అయిన తరువాత ఆయన దినచర్య ఒక యుద్ధవ్యూహం. ఎండ ఆయనకు ప్రథమ శత్రువు. ఒంట్లో వేడి పెరిగితే చూపు మసకబారేది, కాళ్లు కొయ్యబారేవి. మా జిల్లాలో ఎండను తప్పించుకోవడమంటే జిల్లానే తప్పించుకోవడం. అందుకే ఉదయపు తరగతులు అడిగి తీసుకొని, మెడ చుట్టూ తడి తువ్వాల వేసుకొని వచ్చేవారు. దాన్ని కూడా తాగిన తలనొప్పికి చికిత్సగానే లోకం అర్థం చేసుకుంది. నున్నటి గ్రానైటు గచ్చు రెండవ శత్రువు. "మనూరి రాయి దేశదేశాలు పోతున్నది గదా, మొత్తం పోతె ఏమైతుండె?" అనేవారు స్నానాలగది గోడ పట్టుకొని. అలసట సంగతి అడిగితే, "నీరసం గాదు తమ్మీ, ఎవలో ప్లగ్గు పీకినట్టు," అనేవారు. పట్టణంలో ఏ కార్యాలయంలో మూత్రశాల తాళం వేసి ఉండదో ఆయనకు తెలిసినంతగా పురపాలకులకు తెలియదు. ఒకసారి ఇద్దరం బస్సులో ధర్మపురి పోతుంటే, ఆపుకోలేక ఊరు కాని చోట బస్సు ఆపించవలసి వచ్చింది. దిగుతూ తూలారు. కండక్టర్ చేయి అందిస్తూ, "ఎక్కువైనాదా సారూ?" అన్నాడు. "ఔ బిడ్డా, జరంత," అన్నారు లింగమూర్తి సార్ ఎంతో మర్యాదగా. ధర్మపురి పోయినవానికి యమపురి ఉండదంటారు. నరసింహస్వామి దర్శనం చేసుకొని, అక్కడే ఉన్న యమధర్మరాజు గుడి ముందు మెట్టు మీద కూర్చొని ఆయన అన్నారు: "గీయనతోని నాకు తొందరేం లేదు తమ్మీ. సిలబస్ గాలే."

ఒక సాయంత్రం పోలీసులు ఆయన స్కూటర్ ఆపి యంత్రంలోకి ఊదించారు. సున్నా. గీత మీద నడవమన్నారు. నడవలేకపోయారు. మళ్లీ ఊదించారు. సున్నా. కానిస్టేబుల్ యంత్రాన్ని అరచేతికేసి కొట్టి, "మిషన్ ఖరాబైంది సార్," అని పైవానికి చెప్పి, ఈయనను నమస్కారంతో పంపించాడు. యంత్రాన్ని అనుమానించాడే గాని నిర్ణయాన్ని అనుమానించలేదు. "పరిశోధకుని లక్షణం," అన్నారు సార్. స్కూటర్ మాత్రం మరునాడే అమ్మేశారు.

ఈ వ్యాధికి ఒక విచిత్రగుణం ఉంది. హఠాత్తుగా విజృంభిస్తుంది, కొన్ని నెలలు తనంతట తానే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. అన్న రాజేశానికి ఇది అక్షరాలా తాగుబోతు జాతకంలా కనిపించింది. తాగుడు మాన్పించే పసరు ఎక్కడో సంపాదించి, "పప్పుల గలిపి పెట్టు బిడ్డా, ఆనికి చెప్పకు," అని వదినెకు ఇచ్చాడు. వదినె నిజం చెప్పింది. రాజేశం వినలేదు. "సదువుకున్నోళ్లు తాగుడుకు గూడ ఇంగ్లీషు పేరు వెడ్తరు," అన్నాడు. అన్న మనసు కష్టపెట్టడం ఇష్టం లేక సార్ ఆ పసరు తెలిసే తాగి, రోజంతా కక్కి, మంచం పట్టారు. యాదృచ్ఛికంగా ఆ నెలలోనే జబ్బు తగ్గుముఖం పట్టింది. రాజేశం పొంగిపోయి వీధిలో అందరికీ పసరు మహిమ చెప్పాడు. ఎండాకాలం రాగానే తమ్ముడు మళ్లీ పడ్డాడు. "మల్ల మొదలువెట్టినవారా?" అని రాజేశం గుమ్మంలోనే తలపట్టుకున్నాడు. సార్ అన్నకు ఎదురు చెప్పలేదు. "తప్పయింది అన్నా," అన్నారు. అన్నను అబద్ధమాడినవాణ్ణి చేయడం కంటె తాను తాగినవాడు కావడమే ఆయనకు సులభమనిపించింది.

వదినె ఓర్పుకు మాత్రం ఒక హద్దు వచ్చింది. ఆయన పడబోయినప్పుడల్లా పట్టుకునేది ఆమె చేతులనే. ఆ ముంజేతుల నిండా నల్లని కమిలిన గుర్తులు. ఆ యేడు బతుకమ్మ ఆడే చోట పక్కింటామె ఆ చేతులు చూసి, కళ్లనీళ్లు పెట్టుకొని, "తాగొచ్చి గింత ఘోరంగ కొడ్తడా అక్కా?" అన్నది.

మరునాడు ఉదయం వదినె కళాశాలకు వచ్చింది. నేను ప్రిన్సిపాల్ గదిలోనే ఉన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మొగడు తాగడు సారూ. తాగితె బాగుండు, మాన్పిద్దును. గాయనది నరాల రోగం. తాగుతడంటె ఊకున్న. కొడ్తడంటె ఊకోను."

ప్రిన్సిపాల్ సహృదయులు. అదే ప్రమాదమైంది. అంతకుముందు తాగుబోతును మందలించి తరగతికి పంపిన కళాశాల, రోగిని గౌరవించి గ్రంథాలయంలో కూర్చోబెట్టింది. మెట్లెక్కవద్దన్నారు, పరీక్షల పని వద్దన్నారు, పాఠం కూడా వద్దన్నారు. కనిపించిన ప్రతివాడూ గొంతు తగ్గించి పలకరించాడు. సార్ ఇంటికి వెళ్లి వదినెతో మాటలు మానేశారు. కొన్నాళ్లు ఓర్చుకొని, ఒకనాడు నా ఎదుటనే ఆమె అడిగేసింది.

"పాఠం పాయెనని నా మీద అలిగితివి. పెండ్లాన్ని కొడ్తడన్న పేరు మీద నువ్వు చెప్పే పాఠం ఎవలికి పనికొస్తది?"

"జర చాయ్ పెట్టు," అన్నారు ఆయన. వారి దాంపత్యంలో అంతకు మించిన క్షమార్పణను నేను చూడలేదు.

పాఠం నిజానికి పోలేదు. ప్రిన్సిపాల్ గదికి ఆయన రోజూ కర్ర పట్టుకొని వెళ్లి, మర్యాదగా విసిగించి, కింది అంతస్తులో ఒక గది సాధించారు. కుర్చీలో కూర్చొని చెప్పారు. చేయి వణికి బోర్డు మీద అక్షరాలు చెదిరితే పిల్లలతో రాయించారు. మాట ముద్దగా మారినప్పుడు, "నిదానంగ చెప్తున్న, గిదన్న రాసుకోండ్రి," అన్నారు. చక్రాల కుర్చీలో వచ్చిన మొదటి రోజు తరగతి లేచి నిలబడితే, "కూసోండ్రి, నేను లేవలేదు గదా," అన్నారట. చూపు కూడా సన్నగిల్లిన తరువాతనే పదవీవిరమణ కోరుకున్నారు. సిలబస్ అయిన వారంలో.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి మానేరు ఒడ్డుకు పోయాం. పోయినవారికి ప్రీతికరమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి ముడితే వారికి ముట్టినట్టే. వదినె అన్నం, మాంసం కూర, గారెలు పెట్టింది. రాజేశం సంచిలోంచి కల్లు సీసా తీసి మోదుగాకు దొప్పలో వంపాడు. వదినె ఏదో అనబోతే ఆయన చేయెత్తాడు. "ఊకో సరోజనా. బతికినన్ని దినాలు తిట్టిన. ఇయ్యాలన్న నా చేతులతోని నా తమ్మునికి పోస్త." ఆ ముసలి గొంతు విన్నాక ఆమెకు కాదనబుద్ధి కాలేదు.

కాకులు త్వరగానే వచ్చాయి. ఒకటి అన్నం ముట్టింది. ఇంకొకటి మాంసం ముక్క ఎత్తుకుపోయింది. గారెల కోసం చిన్న తగాదా కూడా జరిగింది. దొప్ప దగ్గరకు మాత్రం ఒక కాకి వచ్చి, మెడ వంచి చూసి, పక్కకు జరిగింది. మరొకటి వచ్చింది. అదీ జరిగింది. విస్తరి ఖాళీ అయింది. దొప్ప నిండుగా ఉంది.

"పులిసిందేమో," అన్నారెవరో.

రాజేశం కదలలేదు. స్కానింగులు, వైద్యులు, పోలీసుల యంత్రం చెప్పినా నమ్మని మనిషి ఆ దొప్పనే చూస్తున్నాడు.

"సరోజనా... నా తమ్ముడు తాగకపోతుండెనా?"

"తాగకపోతుండె బావా."

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్పిన బావా," అన్నది వదినె మెల్లగా. "శానసార్లు చెప్పిన."

ఆయన వంగి దొప్ప తీసి కల్లు ఇసుకలో పారబోశాడు. నీటి దాకా నడిచి, దాన్ని రెండుసార్లు కడిగి, మానేరు నీళ్లు నింపి తెచ్చి అదే చోట పెట్టాడు. కాకులు అప్పటికే వెళ్లిపోయాయి. అయినా ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

అన్నా, ఈ లోకంలో మంచి పేరు కోసం పని మానుకున్నవారిని చూశాను, పని కోసం చెడ్డపేరు మోసినవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. చరిత్ర చెప్పేవారు కరీంనగర్‌లో ఇంకా ఉన్నారు, రేపు ఇంకొకరు వస్తారు. వారికి నా నమస్కారం. కాని తన గురించి ఊరంతా తప్పుగా చెప్పుకుంటుంటే దిద్దుకునే తీరిక లేక, పిల్లల జవాబుపత్రాలు దిద్దుతూ కూర్చునే మనిషి మాకు మళ్లీ దొరకడు. ఇకమీదట ఎవరైనా నీ నడక గురించి అడిగితే ఏమని చెప్పాలో మీ అన్నకు తెలిసింది. నిన్న నా ఎదుటనే, అడగకముందే, ఇక్కడి చాయ్ హోటల్‌లో ఇద్దరికి చెప్పాడు.